తిట్లు మానేసిన తెప్ప

నమోదు 1

ఈ రోజు నుంచి అందరూ కృతజ్ఞతా దినచర్య రాయాలట. పొద్దున్న పడవ దిగిన కొత్త నాయకుడి మొదటి ఆజ్ఞ ఇది. ఆజ్ఞ అనకూడదట, ఆహ్వానం అనాలట. రాయకపోతే ఏమవుతుందని అడిగాను. రేషను తగ్గుతుందన్నాడు. మా రోజుల్లో ఆహ్వానాలు పెళ్ళిళ్ళకు వచ్చేవి. వెళ్ళకపోయినా మన ఇంట్లో మన అన్నం మనకు ఉండేది.

కాబట్టి రాస్తున్నాను. నా పేరు పేరిందేవి. వయసు డెబ్బయ్యారు. కాలేజీలు నేల మీద ఉన్నన్నాళ్ళు రసాయనశాస్త్రం పాఠం చెప్పాను. సముద్రం కాలేజీలోకి వచ్చాక నేను బయటికి వచ్చాను. ఇప్పుడు ఆరో తెప్ప మీద ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే పనిలో ఉన్నాను. తెప్ప అంటే చిన్నదనుకునేరు, పాత రోజుల్లో క్రికెట్ ఆడే మైదానమంత ఉంటుంది. మేము తయారుచేసే నీళ్ళు గుట్ట మీద మిగిలిన ఊరు తాగుతుంది.

ఇక్కడ ఉండేది నలుగురం. జిలానీ పంపులు నడుపుతాడు, వంట చేస్తాడు. నూకరత్నం సముద్రంలోకి దిగి, నీళ్ళు పీల్చే గొట్టం మూతికి ఉన్న జల్లెడకు అడ్డం పడిన జెల్లీచేపలను తీసేస్తుంది. పైన చక్రం దగ్గర ఆమె నడుముకు కట్టిన మోకు పట్టుకుని కూచునేవాడు ధర్మారావు. నేను ఆమె వీపున ఉండే సున్నం డబ్బా నింపుతాను. ఆమె వదిలిన గాలి ఆ సున్నంలోంచి పోతుంది. సున్నం అందులోని చెడుగాలిని తినేసి, మంచిగాలిని వెనక్కి పంపుతుంది.

కొత్త నాయకుడి పేరు తేజోవర్ధన్. ముప్పయ్యేళ్ళు దాటి ఉండవు. మాట్లాడటానికి ముందు ఒకసారి నవ్వుతాడు, తరవాత ఒకసారి నవ్వుతాడు. మధ్యలో ఉన్నది వినాలి.

"నేను మీకు బాస్‌ని కాదండీ. ఈ కుటుంబంలో ఒకణ్ణి. మీరు నాకు అమ్మమ్మ" అన్నాడు.

"సొంత అమ్మమ్మ ఉందా నాయనా?"

"ఉన్నారండీ, గుట్ట మీద."

"ఎప్పుడు చూశావు ఆవిణ్ణి?"

చేతిలోని తెరపలక వైపు చూశాడు, అందులో రాసి ఉందన్నట్టు. "పని ఒత్తిడండీ..."

"అయితే నన్ను అందరిలాగే మామ్మగారు అను. అమ్మమ్మని చేస్తే నన్నూ చూడ్డానికి రావు."

పడవలో మాకు రావలసినవి సున్నం డబ్బాకు పెట్టే గాలి మీటర్లు. పాతవాటికి పాచి పట్టి ఎప్పుడో చచ్చిపోయాయి. మీటర్లు రాలేదు. పెట్టెల నిండా మెడపట్టీలు వచ్చాయి.

ఈ దినచర్యను చదివే మనుషులెవరూ లేరని జిలానీ కనుక్కున్నాడు. గుట్ట మీద కూచుని తెప్పలన్నిటినీ నడిపే మండలిలో ఒక యంత్రం ఉంది, అది తియ్యటి మాటలను లెక్కపెట్టి ఊరుకుంటుందట. కాబట్టి: ప్రేమ. ఆప్యాయత. ప్రేమ. బంధం. ప్రేమ.

నమోదు 2

మెడపట్టీ సంగతి తెలిసింది. అది మన మాట వింటుంది. మెత్తగా మాట్లాడితే పచ్చగా వెలుగుతుంది, కటువుగా అంటే ఎర్రబడుతుంది. అందరి పట్టీలూ కలిసి వంటగది గోడ మీద ఒక అంకె చూపిస్తాయి. దాని పేరు ఆత్మీయత అంకె. వందకు ఎంత ఆత్మీయులమో అది చెబుతుంది. అరవై కన్నా తగ్గితే ఈ జట్టు పనికిరాదని మండలి విడగొట్టి, తలో తెప్పకూ పంచేస్తుంది.

పెట్టిన గంటకే మా అంకె ముప్పై ఎనిమిది.

"మొదట్లో అందరికీ ఇంతేనండీ, నెల రోజులు గడువుంది" అన్నాడు తేజోవర్ధన్, జబ్బుపడ్డవాళ్ళకు చెప్పినట్టు. "మీలో ప్రేమ ఉంది. బయటికి రావట్లేదంతే."

"వస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"కొలుస్తామండీ."



నమోదు 3

ఇవాళ నూకరత్నం దిగింది. ఆ అబ్బాయి తేజోవర్ధన్ మొదటిసారి చూశాడు, అంటే విన్నాడు.

ఆమెకూ ధర్మారావుకూ మధ్య ఒక తీగ ఫోను ఉంటుంది. దాని మాటలు పైన స్పీకర్లో అందరికీ వినిపిస్తాయి. వరసకు అతను ఆమెకు మేనత్త కొడుకు. వరస లేకపోయినా తిట్టుకునేవారే.

"ఏవే, అడుక్కి పోయి నిద్దరోతున్నావా? సగం జల్లెడ కూడా అవ్వలేదు!"

"నీలాగ కుర్చీలో కూచుంటే నాకూ అయిపోద్ది బావా. పొట్ట అడ్డం రాకుండా మోకు అందుతోందా?"

"నా పొట్ట సంగతి నీకెందుకు? ఆదివారం నువ్వొండిన పులుసు తిన్నాకే ఇలాగయ్యింది."

"మూడుసార్లు వడ్డించుకున్నావు, గిన్నె కూడా నాకేశావు! ఇప్పుడు నా పులుసుకి వంక పెడతావా సిగ్గులేనోడా!"

గోడ మీది అంకె చెట్టు మీంచి కాయ రాలినట్టు పడింది. అబ్బాయి చెవులు మూసుకోలేదు గానీ, మూసుకున్నంత పని చేశాడు. ఆమె పైకి వచ్చాక ఇద్దరినీ కూచోబెట్టి, మీ మధ్య గాయం ఎక్కడుందో చెప్పమని అడిగాడు. ధర్మారావు కాలివేలు చూపించాడు.

అబ్బాయిని పక్కకు పిలిచి విడమరిచి చెప్పాను. సున్నం డబ్బాలో నీళ్ళు చేరితే సున్నం ముద్ద కడుతుంది. చెడుగాలి తిరిగి ఆమె ముక్కులోకే పోతుంది. అప్పుడు ముందు పోయేది ప్రాణం కాదు, తెలివి. కాళ్ళూ చేతులూ ఆడుతుంటాయి, నోరు కూడా ఆడుతుంటుంది. కానీ కొత్త మాట పుట్టదు. తిట్టుకు ఎదురుతిట్టు వెయ్యాలంటే విన్నది అర్థం కావాలి, ఒళ్ళు మండాలి, అప్పటికప్పుడు కొత్తది తట్టాలి. ఆమె జవాబు ఒక్కటి చప్పబడితే చాలు, ధర్మారావు చక్రం తిప్పేస్తాడు. మీటర్లు పనిచేసిన రోజుల్లో కూడా అతను మీటరు చూసేవాడు కాదు.

"చాలా విలువైన అభిప్రాయం మామ్మగారూ" అన్నాడు. నా పట్టీ పచ్చగా వెలిగింది. అతను పొగిడితే నాది ఎందుకు వెలిగిందో దేవుడికి తెలియాలి. "భద్రత కోసం ఒక వాక్యం పెడదామండీ. కిందనుంచి ఆవిడ 'నేను క్షేమం, కుటుంబమా' అంటూ ఉంటారు."

"బట్టీ పట్టిన వాక్యం మత్తులో ఉన్నవాడు కూడా చెబుతాడు నాయనా. ఎక్కాలు నిద్దట్లో అప్పజెప్పే పిల్లల్ని వందలమందిని చూశాను."

"మనవాళ్ళ మాటను మనమే నమ్మకపోతే ఇంక కుటుంబం ఎందుకండీ?"

నమ్మకం మాట ఎత్తితే ఎదుటివాళ్ళు నోరు మూసుకుంటారని ఎవరో ఇతనికి నేర్పారు. బాగానే నేర్పారు.

ప్రేమ. అనురాగం. మళ్ళీ ప్రేమ.

నమోదు 4

రోజూ పొద్దున్న గుండ్రంగా కూచోవాలి. ఒకరిలో మంచిని ఇంకొకరు చెప్పాలి. గుండ్రంగా ఎందుకంటే మూలలు లేకుండా. ఇది అతని మాట, నాది కాదు.

"ధర్మారావుగారూ, నూకరత్నంగారిలో మీకు నచ్చింది చెప్పండి."

ధర్మారావు గడ్డం గోక్కున్నాడు. "బరువు తక్కువండి. చక్రం తేలిగ్గా తిరుగుద్ది."

"అద్భుతం! నూకరత్నంగారూ?"

"బావ... స్నానం చేస్తాడండి." కొంచెం ఆగి, "అప్పుడప్పుడు" అంది. పట్టీ ఎర్రబడబోయి ఆగింది.

జిలానీ తన వంతు రాగానే రెండో నంబరు పంపును పొగడటం మొదలుపెట్టాడు. ఎంత ఎండలోనూ వేడెక్కదు, ఎవరినీ ఒక మాట అనదు, నెలకోసారి నూనె పోస్తే సంతోషిస్తుంది అని కళ్ళలో నీళ్ళు తిప్పుకున్నాడు. అది మనిషి గురించి కాదని తేజోవర్ధన్‌కు తెలిసేసరికి జిలానీ పట్టీ పచ్చగా మెరిసిపోతోంది. లెక్కలోకి వచ్చేసింది.

నా వంతుకు, "నాయకుడుగారి పళ్ళు బాగున్నాయి" అన్నాను. నిజమే చెప్పాను.

గోడ మీద మూడు వాక్యాలు అంటించాడు. నీళ్ళలో ఉన్నప్పుడూ పైన ఉన్నప్పుడూ ఇవే వాడాలట. నేను క్షేమం, కుటుంబమా. మీ తోడుకు కృతజ్ఞతలు. కలిసి సాధిద్దాం.

నమోదు 5

వీళ్ళిద్దరూ తిరగబడతారనుకున్నాను. తిరగబడలేదు. గోడ ముందు నిలబడి వాక్యాలు వల్లె వేస్తున్నారు. చూసి ఒళ్ళు మండింది.

"ఇదేమిటే, నోరు పారేసుకున్నావా?" అన్నాను నూకరత్నంతో, మెడపట్టీ మీద చెయ్యి అడ్డం పెట్టి.

ఆమె వల విప్పుతూ తలెత్తలేదు. "అంకె పడిపోతే మమ్మల్ని ఇడగొడతారంట కదండీ మామ్మగారూ."

"విడగొడితే?"

"మా ఆయన తొమ్మిదో తెప్ప మీద పోయాడు కదండీ. ఆ రోజు మోకు కాడ కొత్తోడున్నాడు. ఈయనేమో 'బానే ఉన్నా, బానే ఉన్నా' అంటా పోయాడంట. ఆడికేం తెల్సు ఈయన మామూలుగా అంత మంచిగా మాట్టాడడని?" వల పక్కన పెట్టింది. "బావ మోకు మీద తప్ప ఇంకోడి మోకు మీద నేను దిగనండి. దానికోసం తియ్యగా మాట్టాడమంటే మాట్టాడతాను. బెల్లం తినమన్నా తింటాను."

ధర్మారావు దూరంగా కూచుని మోకుకు నూనె రాస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. కలిసి సాధిద్దాం, కలిసి సాధిద్దాం.

అబ్బాయి గొప్పతనం నాకు అప్పుడు అర్థమైంది. ఒకరిని విడిచి ఒకరు ఉండలేని ఇద్దరిని పట్టుకుని, విడగొడతానని భయపెట్టి, ఒకరిమీద ఒకరికి ప్రేమ ఉన్నట్టు నటింపజేస్తున్నాడు. దీనికి అతనికి జీతం కూడా ఇస్తున్నారు.

నమోదు 6

అంకె ఎనభై తొమ్మిది. తెప్ప మీద ఆసుపత్రిలో ఉన్నంత నిశ్శబ్దం. జిలానీ వండిన కూర మాడింది, ఎవరూ ఏమీ అనలేదు. కాబట్టి మర్నాడు కూడా మాడింది.

మెడపట్టీలు మానేసి మీటర్లు తెప్పించమని మూడోసారి అడిగాను. నా సహనానికి కృతజ్ఞతలు చెప్పాడు.

నమోదు 7

ఇది వరసగా రాస్తాను. తియ్యటి మాటలు కలపను. లెక్కపెట్టుకునే యంత్రం ఏం లెక్కపెట్టుకుంటుందో పెట్టుకోమనండి.

పొద్దున్న జెల్లీచేపల మంద వచ్చి గొట్టం మూతిని పూర్తిగా కప్పేసింది. జిలానీ పంపులు ఆపేశాడు. అదే పూట మండలి అధ్యక్షురాలు గుట్ట మీద నుంచి మా తెప్పను వింటానందట. అంకె తొంభై నాలుగు అయిందిగా, మేము ఆదర్శ కుటుంబం. తేజోవర్ధన్ చొక్కా మార్చుకుని వచ్చాడు.

సున్నం నేనే నింపాను. మూత బిగించి, తట్టి చూశాను. నూకరత్నం దిగింది.

"నేను క్షేమం, కుటుంబమా" అని స్పీకర్లో వినిపించింది.

"మీ తోడుకు కృతజ్ఞతలు" అన్నాడు ధర్మారావు, ఆకు నమిలినట్టు.

ఇలా కాసేపు నడిచింది. మోకు ఆడుతూనే ఉంది, అంటే పని చేస్తూనే ఉంది. జెల్లీ ముక్కలు పైకి తేలుతున్నాయి. స్పీకర్లో ఆమె గొంతు మెత్తగా, సాగదీసినట్టుగా వస్తోంది. పాటలా ఉంది.

"నేను క్షేమం... కుటుంబమా. మీ తోడుకు... కృతజ్ఞతలు."

"విన్నారా మేడం?" అన్నాడు తేజోవర్ధన్ అధ్యక్షురాలితో. "ఎంత ప్రేమ ఉందో ఆ గొంతులో!" అంకె తొంభై ఏడు అయింది.

ధర్మారావు నుదుటి మీద చెమట. నా వైపు చూశాడు. నేను వెళ్ళి ఫోను లాక్కున్నాను.

"నూకరత్నం, జల్లెడ ఎంతవరకు అయింది?"

"కలిసి సాధిద్దాం."

"జల్లెడ సంగతి అడుగుతున్నానే."

"నేను క్షేమం, కుటుంబమా."

"ఆవిడే చెబుతున్నారు కదండీ మామ్మగారూ, క్షేమమని" అన్నాడు అబ్బాయి గుసగుసగా. "అధ్యక్షురాలు లైన్లో ఉన్నారు."

ఫోను ధర్మారావు చేతిలో పెట్టాను. "తిట్టు."

"అంకె పడిపోద్దండీ. ఇడగొట్టేత్తారు."

"ఎవరి మోకు ఎవరు పట్టుకోవాలో రేపు చూద్దాం. ఇవాళ ఆ చివర మనిషి ఉందో లేదో చూడు."

ధర్మారావు ఫోన్లోకి వంగి అరిచాడు. "ఏవే నూకరత్నం! నీ పులుసు కంటే ఈ నాయకుడుగారి ఉపన్యాసం రుచిగా ఉందే! నీ చేతి కూడు తిన్నోడెవడూ రెండోసారి నీ గుమ్మం తొక్కడే!"

ఆమె పులుసును ఎవరైనా ఒక మాట అంటే మూడు తరాలను లేపి తిట్టే మనిషి.

"మీ తోడుకు... కృతజ్ఞతలు" అంది నూకరత్నం.

ధర్మారావు చక్రం మీద పడ్డాడు. జిలానీ పరిగెత్తుకొచ్చి రెండో పిడి పట్టుకున్నాడు. "ఆగండి, ప్లీజ్, లైన్లో..." అంటూ అబ్బాయి చుట్టూ తిరుగుతున్నాడు. ధర్మారావు తిప్పినంతసేపూ తిడుతూనే ఉన్నాడు. ఆమెను, ఆమె పుట్టింటివాళ్ళను, నాయకుణ్ణి, మండలిని, జెల్లీచేపల వంశాన్ని. మెడపట్టీ నిప్పులా ఎర్రగా వెలుగుతూ చివరికి చిట్లి ఆరిపోయింది. నా జీవితంలో అంతకన్నా ఆత్మీయమైన ప్రసంగం వినలేదు.

పైకి తెచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ముసుగు లాగేశాం. ఊపిరి ఉంది. కళ్ళు తెరిచి, మా ముగ్గురినీ చూసి, చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది.

డబ్బా విప్పాను. మూత కింద వెంట్రుకంత చీలిక. సున్నం పెరుగులా ఉంది. మీటరు ఉంటే దిగిన కాసేపటికే కూసేది.

అంకె పదకొండు. అధ్యక్షురాలు ఎప్పుడు లైను పెట్టేసిందో ఎవరూ చూడలేదు.

నమోదు 8

నూకరత్నం తియ్యగానే ఉంది. మంచం మీద పడుకుని అందరికీ కృతజ్ఞతలు చెబుతోంది. నీళ్ళు ఇస్తే కృతజ్ఞతలు, దుప్పటి కప్పితే కృతజ్ఞతలు, దుప్పటి తీస్తే కృతజ్ఞతలు. ధర్మారావు పక్కన కూచుని గొంతు పోయేదాకా తిడుతున్నాడు. ఆమె తల ఊపుతోంది.

"ఒక విధంగా చూస్తే ఆవిడలో నిజమైన మార్పు వచ్చిందేమోనండీ" అన్నాడు తేజోవర్ధన్ గుమ్మం దగ్గర నిలబడి.

నేను లేచి వెళ్ళి తలుపు వేశాను. అతను ఇవతల ఉన్నాడో అవతల ఉన్నాడో చూసుకోలేదు. కొంచెం మధ్యలో ఉన్నాడని కేకను బట్టి తెలిసింది.

మరో రెండు రోజులు అలాగే గడిచాయి. పాడైన తెలివి తిరిగి వస్తుందో రాదో నా రసాయనశాస్త్రంలో లేదు. మూడో పొద్దున్న జిలానీ గంజి తెచ్చి చెంచాతో తాగించాడు. ఆమె నోట్లో పెట్టుకుంది. కళ్ళు చిట్లించింది.

"ఈ గంజిలో ఉప్పేసింది నువ్వా, సముద్రమా?"

జిలానీ చెంచా కింద పడేశాడు.

"మీ అమ్మ నీకు వంట నేర్పిందా, పంపు బాగుచెయ్యడం నేర్పిందా? రెండూ రాలేదు" అని మిగిలింది కూడా చెప్పి, మొహం అటు తిప్పుకుంది.

ధర్మారావు మంచినీళ్ళ టాంకుల వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చాక కళ్ళలో ఉప్పుగాలి పడిందన్నాడు. గాలి ఆ వేళ అటు వీయడం లేదు.

నమోదు 9

మండలి ఉత్తర్వు వచ్చింది. మా జట్టు విఫలమైంది. పాత అలవాట్లకు జారిపోయామట. నూకరత్నం రెండో తెప్పకు, ధర్మారావు తొమ్మిదో తెప్పకు, జిలానీ నాలుగో తెప్పకు. నన్ను గుట్ట మీద వృద్ధుల వసతికి. కింద తేజోవర్ధన్ సంతకం ఉంది.

"నాకూ బాధగానే ఉందండీ" అన్నాడు. "మీరంతా నా కుటుంబం."

"కుటుంబంలో ఒకళ్ళు చచ్చి బతికితే రిపోర్టులో ఒక వాక్యమైనా రాస్తారు నాయనా."

"రాశానండీ. సంకట సమయంలో క్రమశిక్షణ లోపించిందని."

మొదటి పడవ నూకరత్నం కోసం వచ్చింది. పడవ నడిపే గవరయ్య చీటీ చూసి, ఒక్కరేనన్నాడు. ఆమె మూట పట్టుకుని దిగి కూచుంది. ధర్మారావు మోకు మొత్తం చుట్ట చుట్టి భుజాన వేసుకుని, ఆమె ఎదురుగా కూచున్నాడు.

"చీటీ ఒక్కరికే ఉందండీ" అన్నాడు గవరయ్య.

జిలానీ పంపులు కట్టేసి, పొయ్యి ఎత్తుకొచ్చి పడవలో పెట్టి, పొయ్యి మీద కూచున్నాడు. నేను సున్నం సంచి అందించి చెయ్యి చాపాను. గవరయ్య అలవాటు కొద్దీ పట్టుకుని దింపాడు, దింపాక నాలిక్కరుచుకున్నాడు.

"రేషను ఆపేత్తారండీ మామ్మగారూ!"

"జిలానీ వంట తిన్నవాళ్ళం గవరయ్యా. ఆకలితో బెదిరించకు."

తేజోవర్ధన్ అంచుకు పరిగెత్తుకొచ్చాడు. మొహాన నవ్వు లేకుండా అతన్ని చూడటం అదే మొదలు. కాస్త మనిషిలానే ఉన్నాడు.

"మీరందరూ వెళ్ళిపోతే నీళ్ళెవరు చేస్తారండీ? జెల్లీచేపలు వస్తే ఎవరు దిగుతారు?"

నూకరత్నం చెయ్యెత్తి చూపించింది. "ఆ చక్రం ఇటు తిప్పితే దిగుతారు బాబూ, అటు తిప్పితే ఎక్కుతారు. రెండూ మీరే తిప్పుకోవాలి."

గుట్ట మీద ఊరు ఎండిపోదు. నీళ్ళు వెళ్ళే గొట్టం రెండో తెప్పదీ మాదీ ఒకటే. అక్కడి పంపులకు తన చెయ్యి తగిలితే రెట్టింపు తోడతాయన్నాడు జిలానీ. పంపుల విషయంలో అతను అబద్ధమాడడు.

మధ్యాహ్నానికి రెండో తెప్ప కనిపించింది. అంచున చీర ఎగ్గట్టిన ఒక భారీ మనిషి నడుం మీద చెయ్యి వేసుకుని మమ్మల్ని చూస్తోంది.

"ఒక్కత్తిని పంపుతామని ఊరినంతా పంపారేటి? మా బియ్యమే మాకు చాలట్లేదు! ఆ ముసలావిడ దేనికి, దిష్టికా?"

పడవలో నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం.

"నోరు కాస్త తగ్గించి తాడు విసరవమ్మా, లావుగా ఉన్నావు కదా, నువ్వే తెప్పనుకుని నీ మీదికే ఎక్కేత్తాం!" అని అరిచాడు ధర్మారావు.

ఆమె విరగబడి నవ్వి తాడు విసిరింది. ఎక్కాక చూస్తే ఎవరి మెడలోనూ పట్టీ లేదు. మీ నాయకుడేడీ అని అడిగితే, నెల తిరక్కుండానే తిరుగుపడవ ఎక్కాడని నవ్వారు. పట్టీలేవని అడిగితే వెనక వైపుకు తీసుకెళ్ళి చూపించారు. చేపల వలకు బెండ్లుగా వరసగా కట్టారు. నీళ్ళ మీద పచ్చగా మిణుకుమిణుకుమంటూ తేలుతున్నాయి.

చేపలు ఎవరినీ ఒక మాట అనవు. ఈ తెప్ప ఆత్మీయత అంకె రెండేళ్ళుగా తొంభై తొమ్మిదట.